నువ్వుల నూనె నుంచి ఆముదం దాకా: టెస్టోస్టెరాన్ చికిత్స, దాని సైడ్ ఎఫెక్ట్స్ కథ

ఈ ఎపిసోడ్‌లో టెస్టోస్టెరాన్ గురించి మాట్లాడుకుందాం. ఈ మాట వినగానే మీలో చాలామందికి జిమ్, కండలు, గడ్డం గుర్తొచ్చి ఉంటాయి. నాకు మాత్రం హిమటోక్రిట్ రిపోర్ట్ గుర్తొస్తుంది. అదేంటో కాసేపట్లో చెప్తాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణి. అయితే పదకొండేళ్ళుగా ఈ మందు వాడుతున్న పేషెంట్‌ని కూడా. పిట్యూటరీ అని మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. నా ఇరవై ఆరో ఏట అందులో గడ్డ వచ్చింది, ఆపరేషన్ చేసి తీశారు. గడ్డతో పాటు ఆ గ్రంథి చేసే పని కూడా చాలావరకు పోయింది. వృషణాలకు "పని మొదలుపెట్టండి" అని చెప్పే సిగ్నల్ అక్కడి నుంచే వెళ్ళాలి. అది వెళ్ళకపోతే టెస్టోస్టెరాన్ తయారు కాదు. కాబట్టి బయటి నుంచి తీసుకోవాలి, బహుశా జీవితాంతం. అలా ఈ మందు చరిత్ర నాకు సొంత వ్యవహారం అయిపోయింది. ఈ ఎపిసోడ్ విని ఎవరూ డోసు మార్చుకోకండి. మీ డాక్టర్ని ఏం అడగాలో తెలుసుకుంటే చాలు.

అసలు ఈ హార్మోన్ పేరు తెలియక ముందే దాని పని మన రైతులకు బాగా తెలుసు. పొగరు మీదున్న కోడెను నాగలికి కట్టలేం. విత్తులు కొట్టిస్తే అదే కోడె నెమ్మదస్తుడైన ఎద్దు అవుతుంది. మూపురం తగ్గుతుంది, కుమ్ములాట తగ్గుతుంది, చెప్పిన మాట వింటుంది. ఊళ్ళో ఆబోతుని, ఎద్దుని పక్కపక్కన నిలబెడితే టెస్టోస్టెరాన్ ఏం చేస్తుందో బోర్డు మీద రాసినంత స్పష్టంగా కనిపిస్తుంది. తెలియనిదల్లా ఒక్కటే: ఎక్కడో కింద ఉన్న అవయవం మెడ మీది కండని, బుర్రలోని కోపాన్ని ఎలా శాసిస్తోంది?

దీనికి జవాబు 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే ప్రొఫెసర్‌కి దొరికింది. ఆయన ఆరు కోడిపుంజు పిల్లల్ని తీసుకున్నాడు. కొన్నింటికి వృషణాలు తీసేసి వదిలేశాడు. అవి తురాయి ఎదగక, కూత రాక, పోట్లాటకు దిగకుండా పెరిగాయి. మిగతావాటికి తీసిన వృషణాన్ని మళ్ళీ పొట్ట లోపల, వేరే చోట పెట్టాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్టుకున్నాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే, పెట్టిన వృషణానికి పాత నరాలు ఏవీ అతుక్కోలేదు, కొత్త రక్తనాళాలు మాత్రం వచ్చి చేరాయి. అంటే సందేశం వెళ్తున్నది నరం ద్వారా కాదు, రక్తం ద్వారా. హార్మోన్ అనే పదం పుట్టడానికి యాభై ఏళ్ళకు పైగా ముందు, ఒక కోళ్ళగూటిలో తేలిన విషయం ఇది. నా దృష్టిలో ఈ కథలో అందరికన్నా పెద్ద మేధావి ఈయనే. కానీ పేరు వేరేవాళ్ళకి వచ్చింది.

ఎవరికంటే, పారిస్‌లో బ్రౌన్-సెకార్డ్ అనే పెద్దమనిషికి. నాడీశాస్త్రంలో అప్పటికే మహా పండితుడు. 1889 జూన్ 1న, 72 ఏళ్ళ వయసులో సైంటిస్టుల సభలో లేచి, కుక్కల, గినియా పిగ్‌ల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకు తానే ఇంజెక్షన్ చేసుకున్నానని చెప్పాడు. బలం వచ్చిందట, మెట్లు ఎక్కగలుగుతున్నాడట, రాత్రి దాకా కూర్చుని రాయగలుగుతున్నాడట. మూత్రం ధార ఎంత దూరం పడుతోందో కూడా కొలిచి చెప్పాడు! ఇంకేముంది, యూరప్‌లో, అమెరికాలో ఆ రసానికి ఎగబడ్డారు. తమాషా ఏంటంటే, వృషణం టెస్టోస్టెరాన్‌ని తయారు చేసి వెంటనే బయటికి పంపించేస్తుంది, గిడ్డంగిలో సరుకులా నిలవ పెట్టుకోదు. పైగా అది నీళ్ళలో సరిగ్గా కరగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే మళ్ళీ రసం తీసి పరీక్షించారు. ఒంట్లో ఏ ప్రభావమూ చూపలేనంత తక్కువ టెస్టోస్టెరాన్ ఉంది అందులో. ఆ పెద్దాయనకు వచ్చిన బలమంతా నమ్మకం తెచ్చిన బలం.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. "ఇంజెక్షన్ వేసుకున్నాను, మర్నాటి నుంచే తేడా తెలిసింది బ్రో" అని ఎవరైనా అన్నప్పుడు నాకు బ్రౌన్-సెకార్డ్ కనిపిస్తాడు.

తర్వాత వచ్చిన ముప్ఫై నలభై ఏళ్ళ పిచ్చిని త్వరగా దాటేద్దాం. వియన్నాలో స్టైనాక్ అనే శాస్త్రవేత్త వీర్యనాళం ముడి వేస్తే యవ్వనం తిరిగొస్తుందన్నాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1923లో, కవి యేట్స్ 1934లో ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. ఫ్రాన్స్‌లో వొరొనాఫ్ కోతుల వృషణాల ముక్కలు డబ్బున్న మగాళ్ళకి అతికించాడు. అమెరికాలోని కాన్సస్‌లో బ్రింక్లీ అనే ఘనుడు మేక వృషణాలతో అదే వ్యాపారం చేసి, రేడియో స్టేషన్ పెట్టి మరీ ప్రచారం చేసుకున్నాడు. 1930లో లైసెన్స్ పోయింది. గవర్నర్ పదవికి పోటీ చేశాడు. జనం ఓట్లు కూడా బాగానే వేశారు, అది వేరే కథ.

అసలు పదార్థం మాత్రం కబేళాల నుంచి వచ్చింది. 1927లో చికాగో యూనివర్సిటీలో ఫ్రెడ్ కాక్, ఆయన విద్యార్థి మెక్‌గీ కలిసి 40 పౌండ్ల ఎద్దు వృషణాల నుంచి, అంటే దాదాపు 18 కిలోల నుంచి, 20 మిల్లీగ్రాముల సారం తీశారు. అది ఎక్కించిన విత్తులు కొట్టిన పుంజులకు తురాయి మళ్ళీ పెరిగింది. బెర్తోల్డ్ పుంజులే మళ్ళీ పరీక్షాపత్రం అయ్యాయన్నమాట. జర్మనీలో బుటెనాంట్ వేల లీటర్ల మగాళ్ళ మూత్రం మరిగించి దాని చుట్టం లాంటి ఇంకో హార్మోన్ కొద్ది మిల్లీగ్రాములు పట్టుకున్నాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం స్వచ్ఛమైన పదార్థాన్ని వేరుచేసి, టెస్టిస్, స్టెరాల్, కీటోన్ మూడూ కలిపి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది బుటెనాంట్ ఒక పక్క, స్విట్జర్లాండ్‌లో రుజిచ్కా ఇంకో పక్క కొలెస్ట్రాల్ నుంచి దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. ఇద్దరికీ కలిపి 1939లో కెమిస్ట్రీ నోబెల్. హిట్లర్ ప్రభుత్వం బుటెనాంట్‌ని అప్పట్లో ఆ బహుమతి తీసుకోనివ్వలేదు. యుద్ధం ముగిశాక తీసుకున్నాడు.

ఒక లెక్క చెప్తాను. ఆరోగ్యంగా ఉన్న మగవాడి ఒంట్లో రోజుకి తయారయ్యేది సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాములు. ఆవగింజ బరువు కూడా రెండు మిల్లీగ్రాములు దాటుతుంది, అంటే రోజుకి రెండు మూడు ఆవగింజలంత! అంత చిన్న మోతాదుతో నడిచే యంత్రం ఇది. మనం బయటి నుంచి వేసే డోసు మాత్రం వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. సైడ్ ఎఫెక్ట్స్ కథంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

మొదటి సమస్య మాత్రలతోనే వచ్చింది. టెస్టోస్టెరాన్‌ని నోటితో మింగితే పేగు నుంచి నేరుగా లివర్‌కి వెళ్తుంది, లివర్ దాన్ని అక్కడే విరిచేస్తుంది. దానికి విరుగుడుగా 1935లోనే మిథైల్ టెస్టోస్టెరాన్ తయారుచేశారు. లివర్ విరవలేని రూపం. విరవలేకపోయింది సరే, ఆ పోరాటంలో దెబ్బతిన్నది లివరే. కామెర్లు వచ్చాయి, ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కొందరికి లివర్‌లో రక్తపు తిత్తులు, గడ్డలు ఏర్పడ్డాయి. దీర్ఘకాల చికిత్సకి దాన్ని ఇప్పుడు మంచి డాక్టర్లు రాయరు. 1958లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన డయానబాల్ కూడా ఈ కుటుంబం మాత్రే. ఇప్పటికీ జిమ్ లాకర్లలో చేతులు మారుతున్నది అదే.

అప్పుడు నూనె వచ్చింది. టెస్టోస్టెరాన్‌కి ఒక కొవ్వు తోక తగిలించి, నూనెలో కలిపి, కండలోకి ఇంజెక్షన్ ఇస్తే అది అక్కడే కూర్చుని నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. తోక పొడవు పెరిగేకొద్దీ ఎక్కువ రోజులు నిలుస్తుంది. 1930లలో వచ్చిన ప్రొపియోనేట్‌ని రెండు మూడు రోజులకోసారి పొడవాలి. 1950లలో వచ్చిన ఎనాంథేట్‌ని రెండు మూడు వారాలకోసారి. ఆ నూనెలేంటో తెలుసా? మన వంటింట్లోవే! ఎనాంథేట్‌కి నువ్వుల నూనె, సిపియోనేట్‌కి పత్తిగింజల నూనె, నాలుగు రకాలు కలిపిన ఇంకో ఇంజెక్షన్‌లో వేరుశెనగ నూనె. ఇది సరదాకి చెప్పడం లేదు. వేరుశెనగ పడనివాళ్ళు ఆ ఇంజెక్షన్ తీసుకోకూడదు. అట్ట మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి.

నా మొదటి నాలుగేళ్ళూ ఎనాంథేట్ మీదే గడిచాయి. మూడు వారాలకోసారి. మొదటి వారం నేను వేరే మనిషిని. నిద్ర తక్కువ, మాట వేగం, చిన్నదానికి కోపం, వీపు నిండా మొటిమలు. మూడో వారం వచ్చేసరికి మంచం దిగాలనిపించేది కాదు. మా ఆవిడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకునేది. "ఈ శనివారం మీ అమ్మగారింటికి వద్దులే, నీది మూడో వారం" అనేది. ఇది నా స్వభావం కాదు, మందు స్వభావం. ఇంజెక్షన్ వేసిన రెండు మూడు రోజుల్లో రక్తంలో మోతాదు మామూలుకన్నా పైకి ఎగిరి, తర్వాత జారి, చివరికి మామూలుకన్నా కిందికి పడుతుంది. డాక్టర్ చేసిన మార్పు చాలా చిన్నది: పెద్ద డోసు బదులు చిన్న డోసు, మూడు వారాల బదులు వారం. కొండలూ లోయలూ కాస్తా గట్లూ బోదెలూ అయ్యాయి. మొటిమలు కూడా తగ్గాయి.

తర్వాతి తరం మందు అన్‌డెకనోయేట్. తోక ఇంకా పొడవు. మొదటి రెండు డోసుల తర్వాత పది నుంచి పద్నాలుగు వారాలకోసారి చాలు. అది కలిపేది దేంట్లోనో తెలుసా, ఆముదంలో! చిక్కటి ఆముదం కదా, నెమ్మదిగా ఎక్కించాలి. అరుదుగా ఆ నూనె బొట్లు రక్తంలోకి జారి ఊపిరితిత్తుల్లోకి చేరి, ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే 2014లో అమెరికా దీన్ని అనుమతించినప్పుడు, ఇంజెక్షన్ తర్వాత 30 నిమిషాలు క్లినిక్‌లోనే కూర్చోబెట్టాలని షరతు పెట్టింది. ఇంట్లో ఫ్రెండ్ చేత పొడిపించుకునే మందు కాదు ఇది.

ఇక జెల్. అమెరికాలో 2000లో వచ్చింది. పొద్దున్నే భుజానికి రాసుకుంటే చాలు, ఎత్తుపల్లాలు తక్కువ. సుఖంగా ఉంది అనుకునేలోపు ఎవరూ ఊహించని బాధితులు బయటపడ్డారు. వాళ్ళు చిన్నపిల్లలు. జెల్ రాసుకున్న భుజం మీద నాన్న పాపాయిని పడుకోబెట్టుకుంటాడు. ఆ మందు పాపాయి ఒంట్లోకి దిగుతుంది. మూడేళ్ళ నాలుగేళ్ళ పిల్లల్లో యవ్వన లక్షణాలు, జననాంగాల పెరుగుదల, ఎముకల వయసు ముందుకు పోవడం కనిపించాయి. 2009లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ జెల్ డబ్బాల మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక తప్పనిసరి చేసింది. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆరాక బట్ట కప్పాలి, ఎవరినైనా ఎత్తుకునే ముందు ఆ చోటు కడగాలి. మా ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అందుకే నేను ఇంజెక్షన్ దగ్గరే ఆగిపోయాను.

ఇప్పుడు హిమటోక్రిట్ దగ్గరికి వద్దాం. దీర్ఘకాలం వాడేవాళ్ళలో తరచూ కనిపించే సైడ్ ఎఫెక్ట్ ఇదే. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే లెక్క ఇది. మగవాళ్ళకి ఆడవాళ్ళకన్నా హిమోగ్లోబిన్ ఎక్కువ ఉండటానికి టెస్టోస్టెరాన్ ఒక ముఖ్య కారణం. ఎర్రకణాలు తయారుచేయమని మూలుగను తొందరపెడుతుంది, ఇనుముకి తాళం తీస్తుంది. కాబట్టి డోసు ఎక్కువైతే ఎర్రకణాలూ ఎక్కువవుతాయి. చారులా పారాల్సిన రక్తం ముద్దపప్పులా చిక్కబడుతుంది. జెల్ కన్నా ఎగిరిపడే ఇంజెక్షన్లతో ఇది ఎక్కువ. డాక్టర్లు గీసుకున్న గీత 54 శాతం. అది దాటితే మందు ఆపి, తగ్గాక తక్కువ డోసుతో మొదలుపెట్టాలని అమెరికన్ ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో ఉంది.

మూడో ఏడాది నా రిపోర్ట్‌లో 55 వచ్చింది. తలనొప్పి, మొహం ఎర్రబడటం నాకు ముందు నుంచే ఉన్నాయి, ఎండ అనుకున్నాం. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న మందు గురించి కాదు, "రాత్రి గురక పెడతారా?" అని. పక్కనే ఉన్న మా ఆవిడ నవ్వింది, నవ్వు చూసి ఆయన స్లీప్ టెస్ట్ రాశారు. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోంది. ఊపిరి ఆగితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆక్సిజన్ తగ్గితే శరీరం ఇంకా ఎర్రకణాలు చేస్తుంది. టెస్టోస్టెరాన్ ఒక వైపు నుంచి, గురక ఇంకో వైపు నుంచి తోశాయన్నమాట. పొగ తాగేవాళ్ళకి మూడో తోపు కూడా ఉంటుంది. ఒకసారి ఆస్పత్రిలో రక్తం తీశారు, కొన్నాళ్ళు మందు ఆపారు, డోసు తగ్గించారు, రాత్రి మాస్క్ పెట్టుకోవడం మొదలుపెట్టాను, తొమ్మిది కిలోలు తగ్గాను. ఇప్పుడు 48, 49 మధ్యలో ఉంటోంది.

చాలామంది చేసే పని ఏంటంటే, డోసు తగ్గించుకోవడం ఇష్టం లేక, రెండు నెలలకోసారి రక్తం తీయించేసుకుంటారు. రక్తం తీస్తే అంకె దిగుతుంది, నిజమే. దాంతో పాటు ఇనుము నిల్వలు కూడా ఖాళీ అవుతాయి. నీరసం వస్తుంది. నీరసం చూసి "టెస్టోస్టెరాన్ సరిపోవట్లేదు" అని ఇంకాస్త పెంచుతారు. కుళాయి కట్టేయకుండా నేల తుడుస్తూ కూర్చోవడం ఇది.

ప్రోస్టేట్ సంగతి వేరు. ఇక్కడ భయమే చరిత్ర. 1941లో చికాగోలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాజెస్ ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు వృషణాలు తీసేస్తే క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించారు. గొప్ప పరిశోధన, 1966లో హగిన్స్‌కి నోబెల్ వచ్చింది. అదే వ్యాసంలో, టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే క్యాన్సర్ రెచ్చిపోతుందని కూడా రాశారు. ఆ వాక్యం అరవై ఏళ్ళు వైద్యపుస్తకాల్లో శిలాశాసనం. హార్వర్డ్‌లో మోర్గెంటాలర్ అనే యూరాలజిస్ట్ లైబ్రరీకి వెళ్ళి ఆ అసలు వ్యాసం తీసి చదివాడు. ఇంజెక్షన్ ఇచ్చింది ముగ్గురికి. ఫలితాలు రాసింది ఇద్దరివి. అందులో ఒకరికి అప్పటికే వృషణాలు తీసేశారు. అంటే మామూలు స్థితిలో ఉన్న రోగి ఒకే ఒక్కడు! ఒక్క మనిషి మీద ఆరు దశాబ్దాల భయం నిలబడింది. 2006లో ఆయన ఇదంతా రాశాడు. మూలగ్రంథం తెరిచి చూడటం ఎంత పెద్ద పనో మా చరిత్ర క్లాసులో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అలాగని నిర్లక్ష్యం చేయమని కాదు. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వరు. నలభై దాటినవాళ్ళు పీఎస్ఏ పరీక్ష గురించి డాక్టర్తో మాట్లాడుకుని, మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత మూడు నుంచి పన్నెండు నెలల్లోపు ఒకసారి చేయించుకుంటారు. మొదటి ఏడాదిలో అది 1.4 నానోగ్రాములకు మించి పెరిగితే యూరాలజిస్ట్‌కి చూపించాలి.

ఇప్పుడు మీ వయసువాళ్ళు చెవి పెట్టాల్సిన భాగం. ఇది వినకుండా వీడియో స్కిప్ చేయకండి. టెస్టోస్టెరాన్ మగతనానికి మందు అనుకుంటారు కదా, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మగవాళ్ళ గర్భనిరోధక మందుగా పరీక్షించింది! 1990లో అచ్చయిన అధ్యయనం. 7 దేశాల్లో 271 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి వారానికి 200 మిల్లీగ్రాముల ఎనాంథేట్ ఇచ్చారు. 157 మందికి వీర్యంలో కణాలు సున్నా అయ్యాయి. అలా సున్నా అయినవాళ్ళు ఇంకే జాగ్రత్తా లేకుండా ఏడాది ఈ ఇంజెక్షన్ మీదే కాపురం చేస్తే, వచ్చిన గర్భం ఒకే ఒక్కటి.

కారణం సులువు. బయటి నుంచి సరుకు దిగుతుంటే పిట్యూటరీ "ఇక చాలు" అని సిగ్నల్ ఆపేస్తుంది. వృషణాలు పని మానేస్తాయి, చిన్నవైపోతాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణం లోపల రక్తంలో కన్నా ఎన్నో పదుల రెట్లు టెస్టోస్టెరాన్ ఉండాలి. రక్తంలోకి ఎంత ఎక్కించినా అంత గాఢత లోపలికి రాదు. మన జిమ్‌లలో కుర్రాళ్ళు వాడే డోసు చాలాసార్లు ఆ 200 మిల్లీగ్రాములకు రెండింతలు, మూడింతలు. పెళ్ళై రెండేళ్ళయినా పిల్లలు లేరని ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్తారు. అత్తగారు కోడలి వైపు చూస్తుంది. పరీక్షలన్నీ ముందు ఆ అమ్మాయికే. భర్త జిమ్ బ్యాగ్‌లో ఏముందో ఎవరూ అడగరు. ఇది చెప్పేటప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది.

మంచి విషయం: ఆపేస్తే చాలామందికి తిరిగొస్తుంది. గర్భనిరోధక అధ్యయనాలన్నీ కలిపి 2006లో లెక్కేస్తే, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళలో 67 శాతం మందికి ఆరు నెలల్లో, 90 శాతం మందికి ఏడాదిలో కణాల సంఖ్య మామూలు స్థాయికి చేరింది. గమనించండి, వాళ్ళు డాక్టర్ల కంటి ముందు, కొలిచిన డోసులో తీసుకున్నవాళ్ళు. ఏళ్ళ తరబడి నాలుగు రకాలు కలిపి పొడుచుకున్నవాళ్ళకి ఎక్కువ కాలం పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా.

అందుకే పిల్లలు కావాలనుకునేవాళ్ళకి టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదని మార్గదర్శకం. మరి నాలాంటివాళ్ళ గతి? నాకు వృషణాలు బాగానే ఉన్నాయి, సిగ్నలే లేదు. కాబట్టి టెస్టోస్టెరాన్ ఆపి, ఆ సిగ్నల్ పని చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు ఇచ్చారు. గర్భిణుల మూత్రంలో దొరికే హార్మోన్ అది. తర్వాత ఎఫ్ఎస్‌హెచ్ కూడా కలిపారు. వారానికి మూడు పోట్లు, పదహారు నెలలు. పదిహేడో నెలలో మా ఆవిడ టెస్ట్ కిట్ చూపించింది. పాప పుట్టాక మళ్ళీ పాత ఇంజెక్షన్‌కి వచ్చేశాను. పెళ్ళికి ముందే "రేపు పిల్లలు కావాలి" అని డాక్టర్‌కి చెప్పి ఉంచండి, సిగ్గుపడకండి. ఈ ఒక్క మాటతో చికిత్స దారే మారిపోతుంది.

ఇంకో విషయం. ఒంట్లో టెస్టోస్టెరాన్ కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అది ఎక్కువైతే కొందరికి రొమ్ములు నొప్పిగా ఉబ్బుతాయి. దాంతో ఈస్ట్రోజెన్‌ని ఆపే మాత్రలు సొంతంగా వేసేసుకుంటారు. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ళదే అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. 1994లో ఒక వైద్య పత్రికలో 28 ఏళ్ళ అమెరికన్ మగవాడి కేసు వచ్చింది. జన్యులోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజెన్ పని చేయదు. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఆ వయసులోనూ ఎముకల చివర్లు మూసుకోక ఇంకా పెరుగుతూనే ఉన్నాడు, అయినా ఎముకలు ముసలివాళ్ళవిలా గుల్లబారాయి. మగవాడి ఎముకను గట్టిపరిచేది చాలావరకు ఈస్ట్రోజెనే అని అతని వల్లే గట్టిగా తెలిసింది. రొమ్ము ఉబ్బితే ముందు చూడాల్సింది డోసుని, ఒంటి బరువుని. ఆ మాత్ర అవసరమైతే డాక్టరే చెప్తారు.

ఇంతకీ ఈ మందు ఎవరి కోసం? 1942లో బోస్టన్‌లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే యువ డాక్టర్ తొమ్మిది మంది రోగుల గురించి రాశాడు. పొడవాటి కాళ్ళు, చిన్న వృషణాలు, ఉబ్బిన రొమ్ములు. వాళ్ళలో అదనంగా ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఉంటుందని 1959లో ఎడిన్‌బరోలో తేలింది. ప్రతి 500 నుంచి 1000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. అంటే మీ కాలేజీలోనూ ఉండి ఉంటారు. చాలామందికి ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది.

ఇంకొకరు మైకేల్ డిల్లాన్. ఆడపిల్లగా పుట్టి, తాను మగవాణ్ణని తెలుసుకున్న ఆంగ్లేయుడు. 1939లో టెస్టోస్టెరాన్ మాత్రలు మొదలుపెట్టాడు, మందు పుట్టి నాలుగేళ్ళు కూడా కాలేదు. గొంతు మారింది, గడ్డం వచ్చింది, డాక్టర్ చదివాడు, ఓడల్లో వైద్యుడిగా పనిచేశాడు. 1958లో పత్రికలు ఆయన గతాన్ని బయటపెడితే పారిపోయి ఇండియాకి వచ్చి బౌద్ధ భిక్షువయ్యాడు. 1962లో డల్హౌసీలో చనిపోయాడు. ఇవాళ మన దగ్గర ఈ చికిత్సలో ఉన్న ట్రాన్స్ మగవాళ్ళకి కూడా హిమటోక్రిట్, గురక, మొటిమల లెక్కలన్నీ ఇవే వర్తిస్తాయి.

ఇలా నిజంగా అవసరమైనవాళ్ళు కొద్దిమందే. కొద్దిమందితో వ్యాపారం పెద్దది కాదు కదా. 2000 తర్వాత అమెరికా టీవీల్లో "నీరసంగా ఉందా? లో-టీ కావచ్చు" అని ప్రకటనలు మోగాయి. 2001 నుంచి 2011 మధ్య అక్కడ నలభై దాటిన మగవాళ్ళలో ఈ మందు వాడకం మూడు రెట్లకు పైగా పెరిగింది. 2010లో గట్టి దెబ్బ తగిలింది. నడవడం కష్టమైన 209 మంది వృద్ధుల మీద చేస్తున్న ట్రయల్‌ని మధ్యలో ఆపేశారు. టెస్టోస్టెరాన్ జెల్ రాసుకున్నవాళ్ళలో 23 మందికి గుండె, రక్తనాళాల సమస్యలు వస్తే, ఉత్తుత్తి జెల్ రాసుకున్నవాళ్ళలో 5 మందికే వచ్చాయి. 2015లో ఎఫ్‌డీఏ గుండెపోటు హెచ్చరిక పెట్టించింది. వయసు వల్ల తగ్గినంత మాత్రాన ఇది వాడే మందు కాదని కూడా రాయించింది. పెద్ద ట్రయల్ చేయమని కంపెనీలను ఆదేశించింది.

ఆ ట్రయల్ పేరు ట్రావర్స్. 5,200 మందికి పైగా, 45 నుంచి 80 ఏళ్ళవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు లేదా వచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్ళు. 2023లో ఫలితం వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి మందు వాడినవాళ్ళలో 7 శాతం, వాడనివాళ్ళలో 7.3 శాతం. గుండెపోటు భయం చాలావరకు తీరింది. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీ దెబ్బతినడం మందు వాడినవాళ్ళలో కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఇంకా వింత 2024లో తేలింది: ఎముకల్ని గట్టిపరుస్తుందనుకున్న ఈ మందు వాడినవాళ్ళకే ఎముకలు విరగడం ఎక్కువైంది. 3.5 శాతం, అటువైపు 2.5 శాతం లోపే. 2025లో ఎఫ్‌డీఏ ట్రావర్స్ ఫలితాలను అట్ట మీద చేర్చమంది, రక్తపోటు పెరగొచ్చన్న హెచ్చరిక కొత్తగా పెట్టమంది.

కాబట్టి మొదలుపెట్టే ముందు రెండు వేర్వేరు రోజుల్లో, ఉదయం పూట, ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో మోతాదు తక్కువ ఉండాలి. ఒక్క సాయంత్రం రిపోర్ట్ చూసి రాసే మందు కాదు. మొదలయ్యాక మూడు నుంచి ఆరు నెలల మధ్య టెస్టోస్టెరాన్, హిమటోక్రిట్, తర్వాత ఏడాదికోసారి. బీపీ ఇంట్లోనే చూసుకోవచ్చు. నేను ఒక నోట్‌బుక్‌లో ఇంజెక్షన్ తేదీ, రక్తం ఇచ్చిన తేదీ పక్కపక్కన రాస్తాను. ఎందుకంటే ఇంజెక్షన్ వేసిన మూడో రోజు రిపోర్ట్‌కి, ఏడో రోజు రిపోర్ట్‌కి పొంతన ఉండదు, డాక్టర్ మొదట అడిగేది ఆ తేడానే. కాలి పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, ఛాతీ పట్టేసినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా నోట్‌బుక్ పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇన్సులిన్. 1922 జనవరిలో టొరంటోలో మొదటి ఇంజెక్షన్ తీసుకున్న 14 ఏళ్ళ కుర్రాడి దగ్గర మొదలుపెడదాం. ఉంటానండీ.